ప్రమాదము - పట్టు

మనము నిత్యము వాడుకొను మాటలలో కొన్ని పుట్టినింటి యర్థమును విడిచి మెట్టినింటి యర్థమును ధరించినవి కలవు. "ప్రమాదము" అట్టి మాట. సంస్కృతమున దీనికి ఏమఱుపాటు, అజాగ్రత్త యని యర్థము. తెనుగున మాత్రము అపాయము, అనుకొనని కీడు అను నర్థమున వాడుచున్నాము. బస్సు బోల్తాపడినను ప్రమాదమే. మెట్టుమీద కాలు జాఱి ముసలమ్మకు తుంటియెముక విఱిగినను ప్రమాదమే. అర్థము మాఱినదే కాని పుట్టినింటి బుద్ధి పూర్తిగా పోలేదు. ఎవరైన పడిరని వినగానే మన నోట వచ్చు తొలిమాట "దెబ్బ ఎక్కడ తగిలినది?" అని కాదు, "చూచుకొని నడువవద్దా?" అని. ఇంగ్లీషువారి "ఆక్సిడెంటు" లాటిను భాషనుండి వచ్చినది. దాని ధాత్వర్థము పైబడుట. అనగా ఆకాశమునుండి ఊడిపడినట్లు వచ్చినది, ఎవరి తప్పును లేదని భావము. ఒక మాట పడినవానినే దోషిగా నిలుపుచున్నది; వేఱొక మాట దోషియే లేడనుచున్నది. ఈ రెండింటికిని నడుమ మూడవ త్రోవ కలదనియు, బూటుక్రింద తగిలించుకొని అక్కఱ తీఱగనే తీసివేయు చిన్న ముళ్లపట్టీ యొకటి ఆ త్రోవను మనకు చూపగలదనియు నా తలంపు.

మొదట ఆ వస్తువును చూతము. మంచు కురియు దేశములలో శీతకాలమున వీథులపై నీరు గడ్డకట్టి అద్దమువలె నుండును. ఒక్కొక్కచోట ఆ పొర మిక్కిలి పలుచనై, క్రింది తారురోడ్డు నల్లదనమే పైకి కనబడుటచే, నడచువానికి అచ్చట మంచున్నదని తోపదు. దానిని నల్లమంచని పిలుతురు. అట్టి నేలపై నడచుటకు బూటు చుట్టును సాగదీసి తొడుగు రబ్బరు చట్రము నొకదానిని వాడుదురు. దాని యడుగున చిన్న ఉక్కుముళ్లో, గొలుసులో, తీగచుట్టలో ఉండును. ఇంటినుండి బయలుదేఱునప్పుడు తగిలించుకొందురు. చేరవలసినచోటికి చేరగనే తీసి సంచిలో వేసికొందురు. అమెరికా, కెనడా దేశములలోని చలిప్రాంతములకు చదువులకై పోయిన మన పిల్లలలో పలువురకు ఇది మొదటి శీతకాలముననే పరిచయమగును. హిమపర్వతము లెక్కువారి క్రాంపానులు దీనికి పెద్దన్నలు. అవి పొడవైన ఉక్కుకోఱలు గలిగి, బూటునకు పట్టీలతో బిగించుకొనదగినవి.

మా మాకవరపాలెము ప్రాంతమున ఈ వస్తువుతో పనిలేదు. ఇచ్చటినుండి నర్సీపట్నము మీదుగా కొండలెక్కి లంబసింగి చేరినవారు చలికాలపు వేకువను దట్టమైన పొగమంచును చూతురు కాని గడ్డకట్టిన వీథిని చూడరు. మన జాఱుడు వేఱు. వానకాలపు వరిగట్టు, నాచుపట్టిన నూతిచప్టా, చెఱువుమెట్లు, సబ్బునీరు నిలిచిన స్నానపుగది - ఇవి మన నల్లమంచులు. మనవారి యుపాయము తగిలించుకొనుట కాదు, విడుచుట. గట్టెక్కగనే రైతు చెప్పులు చేతబట్టుకొని, బొటనవ్రేలిని బురదలో గ్రుచ్చి, పాదమును కొంచెము అడ్డముగా వేసి నడచును. ఆ దేశమువారు కాలికి ముల్లు చేర్చిరి. మనవారు కాలివ్రేలినే ముల్లుగా చేసికొనిరి. సూత్రమొక్కటే. నేలపై రాపిడి చాలనప్పుడు నేలలోనికి దిగి పట్టుకొనవలెను.

మంచు ఏల జాఱునను విషయమున శాస్త్రజ్ఞులు చాలకాలము తర్కించిరి. మంచుగడ్డ కరగుస్థితికి రాకముందే దాని పైభాగమున నీటివంటి పలుచని పొర యుండునని 1850లో మైకేల్ ఫారడే సూచించెను. తరువాతి పరిశోధనలు ఆ సూచనను బలపఱచినవి. పైబడి కదలుదాని రాపిడివలన పుట్టు వేడియు ఆ పొరకు తోడగును. కావుననే చలి మిక్కిలి ముదిరిన దినములకంటె, కరగుటకు దగ్గఱగా నున్న దినములలోనే మంచు ఎక్కువ జాఱును. ఇందొక సంగతి గమనింపదగినది. నడచువా డెంత కన్నులు విప్పి చూచినను ఆ పొర కంటి కగపడదు. నల్లమంచుపై పడినవానిని "చూచుకొని నడువవద్దా?" యనుట, కనబడనిదానిని చూడలేదని శిక్షించుట యగును.

కాలు జాఱిన తీసికొనవచ్చును గాని నోరు జాఱిన తీసికొనలేమని మన సామెత. నోటిని అదుపులో నుంచుకొనుమని చెప్పుటకు ఇది చక్కని మాటయే. కాని వయసుమీఱినవారి పట్ల సామెతలోని మొదటి సగము నిలువదు. తుంటియెముక విఱిగి మంచము పట్టిన వృద్ధులలో ఎందఱో తిరిగి తమ కాళ్లపై నిలువలేరు. కదలికలేని మంచమున పుండ్లును, ఊపిరితిత్తుల జబ్బును చేరి ప్రాణమునకే ముప్పు తెచ్చును. ఆ జాఱిన కాలిని తీసికొనుట ఎవరి తరము? ఇక నీళ్లబిందెతో నూతికడ జాఱిన కోడలి మాట. ఆమెకు తగిలిన దెబ్బతోపాటు సొట్టపడిన బిందెను గూర్చిన మాటలు కూడ ఆమెయే పడవలెను. ఆ చప్టాపై నాచు ఎన్నాళ్లనుండి పేరుకొని యున్నది, దానిని గీకింపవలసినవా రెవ్వరు, గీకించుటకు ఏపాటి శ్రమ యగును అని యడుగువారు ఆ యింటిలో అరుదు. పడినవారు కంటియెదుట నుందురు. పడునట్లు నేలను విడిచినవారు కనబడరు. కావున నింద దగ్గఱనున్నవారిపైకే పోవును.

పట్టును కల్పించుకొనవలెనను బుద్ధి మానవునకు కొత్తది కాదు. స్కాండినేవియాలోని వైకింగుల కాలపు సమాధులలో కాలికి తగిలించుకొను ఇనుపముళ్లు దొరకినవి. పరలోకపు త్రోవయు జాఱుడుగా నుండునని వారు భయపడిరి కాబోలు! చైనాదేశమున 385 మొదలు 433 వఱకు జీవించిన షియె లింగ్‌యున్ అను కవికి కొండలెక్కుట మిక్కిలి ప్రీతి. ఆయన తన పావుకోళ్లకు ఊడదీయదగిన కఱ్ఱపండ్లు అమర్చుకొనెననియు, ఎక్కునప్పుడు ముందరి పండ్లను, దిగునప్పుడు వెనుకటి పండ్లను తీసివేసెడివాడనియు ఆ దేశపు చరిత్రలో కలదు. వాలు మాఱినప్పుడు పాదరక్షను మార్చి, తాను మాత్రము నిటారుగా నిలుచుట ఆయన యుక్తి. ఆల్ప్స్ పర్వతములలో ఇరువదవ శతాబ్ది తొలి యేండ్ల వఱకు కఠినమైన మంచువాలులపై గొడ్డలితో మెట్లు చెక్కుకొనుచు గంటలకొలది పోవలసి యుండెను. ఆస్కార్ ఎకెన్‌స్టైన్ అను ఆంగ్లేయ ఇంజనీరు పది కోఱల క్రాంపానును రూపొందింపగా, ఇటలీలోని కూర్మయోరు గ్రామపు కమ్మరి హెన్రీ గ్రివెల్ దానిని చేసి యిచ్చెను. 1929లో లారెంట్ గ్రివెల్ ముందునకు చాచిన రెండు కోఱలను చేర్చెను. అయినను ఆనాటి ఆంగ్లేయ పర్వతారోహకులలో పలువురు దీనిని మెచ్చలేదు. అది కృత్రిమ సహాయమనియు, నిజమైన నేర్పునకు తగదనియు వారి వాదము.

ఈ యాక్షేపణను నవ్వి త్రోసివేయరాదు. దానివెనుక పెద్ద ధర్మప్రశ్న కలదు. సహాయము పొందినవాని విజయము వాని విజయమగునా? ఊతకఱ్ఱకు అలవాటుపడిన కాలు నడక మఱచిపోదా? ఇంట పిల్లలను పెంచు తల్లిదండ్రులకును, బడిలో చదువు చెప్పు మావంటివారికిని ఈ సందేహము తఱచు కలుగును. నాకు తోచిన సమాధాన మిది. సహాయములు రెండు తెఱగులు. మన పనిని తానే చేసిపెట్టునది యొకటి; మన పనిని మనమే చేసికొనుటకు వీలు కల్పించునది మఱియొకటి. డోలీ మొదటి జాతిది. దానిలో కూర్చున్నవాడు కొండ చేరునే కాని కొండ ఎక్కడు. క్రాంపాను రెండవ జాతిది. అది ఒక్క అడుగైనను మనలను మోయదు. వేసిన అడుగు వెనుకకు పోకుండ నిలుపును, అంతియే.

దీనికి మన తెలుగునాటనే ఉజ్జ్వలమైన సాక్ష్యము కలదు. నిజామాబాదు జిల్లాలోని పాకాల యను గ్రామమున గిరిజన కుటుంబమున పుట్టిన మాలావత్ పూర్ణ 2014 మే 25న టిబెట్టు వైపునుండి ఎవరెస్టు శిఖర మెక్కినది. అప్పటి కామె వయస్సు 13 ఏండ్ల 11 నెలలు. ఖమ్మము జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనందకుమారును ఆమెతో శిఖరము చేరెను. ఇరువురును సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల విద్యార్థులే. మంచుపై వారి బూట్లకు ఉక్కుకోఱలుండెను. వాని చలువచే ఎక్కిరని ఎవ్వడనును? గాలి పలుచనైన ఆ ఎత్తున గుండెను, ఊపిరిని, పట్టుదలను తెచ్చినవారు వారే. అయితే ఆ కోఱలు లేకున్న ఆ పట్టుదల యంతయు తొలి మంచువాలుననే వ్యర్థమై యుండును. ఇంకొక మాట. ఆ పిల్ల పాదమునకు ఉక్కుకోఱ తగులకముందే గురుకుల పాఠశాల యను పట్టొకటి దొరకినది. భువనగిరి కొండరాతిపై శిక్షణ యను పట్టొకటి దొరకినది. అట్టి పట్టు దొరకని పల్లెపిల్లలు ఎందఱు తమ ఊరి గట్టుననే ఆగిపోయిరో లెక్కించినవారు లేరు. వారిని గూర్చి మనము "చదువబ్బలేదు, తలవ్రాత" అందుము. అదియు "చూచుకొని నడువవద్దా?" అను మాటకు తోబుట్టువే.

సాధనము మంచిదే. దానిని సమకూర్చుకొనుట ఎవరి విధి? నడచువాని విధియే యని కొందఱందురు. వాని కాలు వానిది, వాని బూటు వానిది. కాని స్వీడను దేశమున పలు పురపాలక సంఘములు ఇట్లు తలపలేదు. గోథెన్‌బర్గు మొదలగు చోట్ల 65 ఏండ్లు దాటినవారికి ముళ్లపట్టీలను ఉచితముగా పంచిరి. అమెరికాలోని విస్కాన్సిను రాష్ట్రమున, పడు అలవాటున్న 109 మంది వృద్ధులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టునకు బూటుక్రింది తీగచట్రముల నిచ్చి శీతకాలమంతయు పరిశీలించిరి. 2005లో ప్రకటింపబడిన ఆ ఫలితముల ప్రకారము, చట్రములు తొడిగినవారు ఆరుబయట పడుట సుమారు సగమునకు తగ్గినది. ఆ ముసలివారు ఒక్క శీతకాలములో హఠాత్తుగా జాగ్రత్తపరులైరా? లేదు. జాగ్రత్త ఇరుజట్లకును ఉన్నదే. పట్టు మాత్రము ఒక జట్టునకే ఉన్నది. నిందవలన తగ్గని పడుట కొలదిపాటి తీగవలన తగ్గినది.

మఱల మన ఊరి పొలములకు వత్తము. మన దేశమున జాఱుట ప్రాణాంతకమగు పని యేదని యడిగిన నేను తాటిచెట్టును చూపుదును. చెట్టెక్కి కల్లు గీయుట ఉత్తరాంధ్రమున యాతలకు, గోదావరి జిల్లాలలో శెట్టిబలిజలకు, తెలంగాణమున గౌడులకు తరతరముల వృత్తి. నడుమును మ్రానుతో చేర్చు మోకు ఒకటి, పాదములను కూర్చి మ్రానును కఱపించు త్రాటిబంధ మొకటి - ఇవియే వాని సాధనములు. ఆ బంధము ముళ్లపట్టీకి మన దేశపు బంధువే. చెట్టెక్కునప్పుడు వేసికొని దిగగనే తీసివేయునది. ఇరువది మీటర్ల యెత్తున, వానకు తడిసి నునుపెక్కిన మ్రానుపై, దినమునకు ఎన్నో చెట్లను అతడు దీని యాధారముననే ఎక్కి దిగుచుండును. బంధము జాఱినను, మోకు తెగినను మిగిలినది నేలయే. పడిన మఱునాడు పత్రికలో రెండు పంక్తులు వచ్చును. "ప్రమాదవశాత్తు" అను మాట తప్పక యుండును. పిమ్మట పరిహారపు కాగితములు కచేరీల చుట్టు తిరుగును.

2024 జూలై 14న రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడ గ్రామమున తెలంగాణ ప్రభుత్వము గీతకార్మికులకు "కాటమయ్య రక్షణ కవచము" అను పేర కొత్త సాధనముల పంపిణీని ఆరంభించినది. కాటమయ్య గౌడుల కులదైవము. పర్వతారోహకుల నడుముపట్టీలను, త్రాళ్లను పోలిన ఈ సాధనములు, కాలు జాఱినను మనిషి నేలబడకుండ నిలుపుటకు ఉద్దేశింపబడినవి. హిమాలయపు మంచున పుట్టిన జ్ఞానము తాటిమ్రానుపై పనికివచ్చినది. ఈ పనిలో నాకు నచ్చిన ధర్మ మొకటి కలదు. పరిహారము పడిన పిమ్మట వచ్చును. పట్టు పడకముందు వచ్చును. మొదటిది విధవరాలి చేతికి, రెండవది భర్త చేతికి అందును. ధనమొక్కటే కావచ్చును, పుణ్యమొక్కటి కాదు.

సంస్కార ప్రియులలో కొందఱిచ్చట నొసలు చిట్లింతురని యెఱుగుదును. కల్లు కొంపలు ముంచునది కదా, దానిని దింపువానిపై ఇంత జాలి యేల యని వారి ప్రశ్న. మద్యపానము వలని కీడును కాదనువాడను నేను కాను. కాని త్రాగుడు తప్పైనచో దానిని మాన్పుటకు మార్గములు వేఱుగా కలవు. గీయువాని వెన్నెముక విఱుగుట ఆ మార్గములలో ఒకటి కాదు. ఒక వృత్తిని మెచ్చకుండుట వేఱు, ఆ వృత్తి చేయు మనుష్యుని ప్రాణమును చవుకగా ఎంచుట వేఱు. ఈ రెంటిని కలిపివేసినచో మన సంస్కారము పాత కులగర్వమునకు క్రొత్త అంగవస్త్రము కప్పినట్లే యగును.

ఇట్లనుటచే తొడుగుకొనువానికి విధి లేదని తలపరాదు. బౌద్ధులు అప్రమాదమును, అనగా ఏమఱకుండుటను, గొప్ప గుణముగా ఎంచిరి. ధమ్మపదమున దానిపేర ఒక వర్గమే కలదు. అనకాపల్లి చెంత శంకరము గ్రామమున బొజ్జన్నకొండపై రాతిని తొలిచి స్తూపములు, గుహలు నిర్మించిన భిక్షువులు ఆ గుణమునే అభ్యసించి యుందురు. ఏమఱకుండుట యనగా అడుగడుగునకు భయపడుచు నడచుట కాదు. త్రోవ ఎట్టిదో ముందుగా తలచి, గడప దాటకముందే పట్టీ బిగించుకొనుట. ఇచ్చిన సాధనమును అటకపై పడవేసి, "మా తాత ఇట్లే ఎక్కినాడు" అనువాడు ధైర్యశాలి కాడు. తన యాలుబిడ్డల బ్రతుకుతో జూద మాడువాడు. అట్లే ఇచ్చువాని విధియు ఇచ్చుటతో తీఱదు. పనివాని చేతికి ఇమడని, పని జాగుచేయు, వాడుక నేర్పని సాధనము అటకకే పోవును. అప్పుడు వాడలేదని వానిని నిందించుట మఱల మొదటి తప్పులోనికే పోవుట యగును. ఇచ్చువాడు ముందుగా ఎక్కువానిని అడుగవలెను.

ఇక తీసివేయుటను గూర్చి. మంచుపై కాపాడిన ఉక్కుముళ్లు నున్నని బండపై కాపాడవు, పైపెచ్చు పడవేయును. బండలోనికి ముల్లు దిగదు, రబ్బరునకు నేల అందదు. కాలు ముళ్ల కొనలపై జాఱును. కావుననే గడప తొక్కకముందే తీసివేయుమని వానిని అమ్మువారే హెచ్చరింతురు. మన యాచారములలో ఎన్నో ఇట్టివే. అవి ఒకప్పుడు ఏదో జాఱుడు నేలపై పట్టుకై తొడిగినవి కావచ్చును. పాదరక్షలు వాకిట విడిచి కాళ్లు కడుగుకొని లోనికి వచ్చుట నేటికిని మేలే. నేల ఇంకను అట్టిదే కనుక. కాని ఏ కాలపు భయముచేతనో ఆడపిల్లకు పసితనముననే మూడుముళ్లు వేయించుటయు, దూరదేశ ప్రయాణమును నిషేధించుటయు మంచు కరగిపోయిన పిమ్మటను విడువని ముళ్లయినవి. ఎన్ని తరముల నేల ఆ ముళ్లచే గీఱుకొనిపోయినదో మన పెద్దలు పోరాడి తీయించిన పిమ్మట గాని తెలియలేదు. సాధనమును పూజింపరాదు, ద్వేషింపరాదు; కాలిక్రింది నేలను చూచి తొడుగవలెను, నేలను చూచియే విడువవలెను.

చివరకు మన భాషలోని వేఱొక జాఱుడును తలచి ముగింతును. కాలు జాఱుట యను మాటను మనము నడవడి తప్పుటకును వాడుదుము. అందును స్త్రీ విషయముననే ఎక్కువగా వాడుదుము. అచ్చటను ప్రశ్న అదే. ఆమె నడచిన త్రోవ ఎట్టిది? చదువు, సంపాదన, పుట్టినింటి అండ అను పట్లలో ఏది ఆమెకు ఇచ్చితిమి? ఆమెను జాఱ్చినవాడు ఏ పీటపై పెద్దమనిషియై కూర్చున్నాడు? ఇవి అడుగకుండ తీర్పు చెప్పుట నాచుగట్టును విడిచి కోడలిని తిట్టుటవంటిది. పడినవారిని లేవనెత్తుటకు దయ చాలును. పడకముందు పట్టు నిచ్చుటకు న్యాయబుద్ధి కావలెను. ఈ వానకాలము రాకముందే మన యింటి నూతిచప్టాపై నాచును గీకించి, స్నానపుగదిలో పెద్దవారి చేతికందునట్లు ఒక కమ్మీ బిగింపింతుము గాక. ఆ బుద్ధికి అదియే తొలిమెట్టు.